తాపీ పని తాపీగా



తాపీ అనే మాటను మనము రెండు విధములుగా వాడుతాము. మేస్త్రీ చేతిలోని ఇనుప పనిముట్టు తాపీ. తొందరపడకుండా నిదానముగా చేసే పని తాపీగా చేసే పని. ఈ రెండింటికి పొత్తు కుదిరిన చోట సిమెంటు పని చాలాకాలము నిలుస్తుంది. పొత్తు చెడిన చోట ఏడాది తిరగకముందే పెచ్చులు ఊడుతుంది. ఈ నెల మన శీర్షికలో సిమెంటు బాటలను చేతితో తీర్చే పనిముట్లను గూర్చి, వాటిని పట్టుకొనే చేతులను గూర్చి ఆలోచింతము.

ఇది మేస్త్రీల సంగతి, మనకెందుకు అని పేజీ త్రిప్పవద్దు. మన పల్లెలలో దేవాలయము ముందర బాట, బోరింగు చుట్టూ దిమ్మె, వంటింటి గచ్చు, బడి వరండా అన్నీ సిమెంటువే. వీటిలో ఎన్నిటి మీద మన తల్లులు జారి పడ్డారో, ఎన్నిటి మరమ్మతుకు రెండేళ్ళకే మరల చందాలు ఎత్తవలసి వచ్చిందో ఎవరి ఊరి లెక్క వారు చూచుకొనవచ్చును. మరియొక సంగతి. పాలమూరు, నల్లగొండ వైపు నుండి బ్రతుకు తెరువు కొరకు హైదరాబాదు చేరి, తెల్లవారగానే కూలి అడ్డాల మీద నిలబడేవారిలో మన సంఘముల బిడ్డలు కూడ ఉన్నారు. వారు అక్కడ ఏ పని చేస్తున్నారో, ఎట్లు చేస్తున్నారో ఇంటివారికి తెలిసి ఉండుట మంచిది.

పాతబస్తీ గల్లీలలో

హైదరాబాదు వెళ్ళినవారు చార్మినార్ చూడకుండా తిరిగి రారు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన ఆ కట్టడము రాతితోను, సున్నముతోను నిలిచింది. దాని మీది పూలు, తీగెలు, అంచులు సున్నపు గచ్చుతో చేతులు తీర్చినవే. ఆనాటికి సిమెంటు లేదు. సున్నమును, ఇసుకను గానుగలో వేసి ఎద్దులతో త్రిప్పించి మెత్తగా నూరేవారు. బెల్లపు నీరు వంటివి కలిపేవారు. పూసిన తరువాత ఓపికగా రుద్ది, మరల రుద్ది మెరుపు తెచ్చేవారు. ఆ సున్నము పోయి సిమెంటు వచ్చినా గచ్చు అనే మాట మాత్రము మన నోట నిలిచిపోయింది. నేటికిని సిమెంటు నేలను గచ్చు అనే అంటాము.

ఇప్పుడు చార్మినార్ చుట్టూ వాహనములు ఆపి నడిచేవారి కొరకు రాళ్ళు పరచారు. అక్కడి నుండి మొగల్‌పురా, షాలిబండ వైపు గల్లీలలోనికి పోతే కాలి క్రింద ఎక్కువగా కనబడేది సిమెంటే. నగరములో వెడల్పు రోడ్ల మీద కాంక్రీటు పరచడానికి యంత్రములు వచ్చాయి. పరచిన కాంక్రీటు మీద జల్లెడ వంటి చాప వేసి, పంపుతో ఎక్కువ నీటిని పీల్చివేసి, తరువాత గుండ్రని పళ్ళెము తిరిగే యంత్రముతో రుద్దుతారు. అయితే ఇద్దరు ఎదురుపడితే ఒకరు ప్రక్కకు ఒదగవలసిన గల్లీలోనికి ఆ యంత్రములు ఎట్లు వస్తాయి? అక్కడ గమేళాలే మాలు మోయాలి, చేతులే తీర్చాలి. ప్రతి గడప ఒక ఎత్తు, ప్రతి మోరీ ఒక వాలు. ఆ గడపలోనికి వాన నీరు పోకుండా, మోరీ దగ్గర నీరు నిలువకుండా బాటను తీర్చుట చేతికి, కంటికి తెలిసిన విద్య.

ఆ పనిలో తెలుగు కూలీలు, ఉర్దూ మాట్లాడే మేస్త్రీలు ఒకే చోట పని చేస్తారు గనుక పనిముట్లకు రెండేసి పేర్లు. మన తాపీ వారికి కర్నీ. మన మట్టపు గుండు వారికి సాహుల్. గచ్చును నునుపు చేసే ఇనుప పలకను అందరును గుర్మాలా అంటారు. పేర్లు వేరైనా మట్టము ఒక్కటే. గుండు ఎవరి చేతిలో వ్రేలాడినా నిలువు దారినే చూపుతుంది. ఆమోసు ప్రవక్తకు దేవుడు దర్శనములో మట్టపు గుండు చూపించినది అందుకే గదా.

బండ నుండి సిమెంటుకు

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసింది. వేలమంది ప్రాణములు పోయినవి. ఆ తరువాత 1912లో నగర అభివృద్ధి కొరకు ఒక బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలను విడదీసి రోడ్లు వేయించింది. చార్మినార్‌కు పోయే దారిలో పత్తర్‌గట్టి రాతి దుకాణముల వరుస ఆ బోర్డు పనియే. నిజాము కాలములోనే నగరములో సిమెంటు రోడ్లు కూడ వేశారు.

అంతకు మునుపు, తరువాత కూడ, ఇండ్లలోను వాకిండ్లలోను షాబాదు బండలు పరచేవారు. మన పల్లెలలో ఇప్పటికిని ఆ బండలు ఉన్నవి. ఈనాడు కర్ణాటకలో ఉన్న షాబాదు ఆనాడు నిజాము రాజ్యములోనిది. ఆ ప్రాంతపు సున్నపురాతి నుండి పలకలు తీశారు. అదే సున్నపురాయితో అక్కడ సిమెంటు కర్మాగారమును నడిపారు. రాయిని పొడిచేసి, మట్టి కలిపి, సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి, మరల నూరితే సిమెంటు అవుతుంది. బండగా పరచినా, బూడిదగా మార్చి పోసినా మన పాదముల క్రింద ఉన్నది ఆ సున్నపురాయే. పోర్ట్‌లాండ్ సిమెంటు అనే పేరు పెట్టి 1824లో ఇంగ్లాండులో పేటెంటు పొందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ లీడ్స్ పట్టణపు ఇటుకల మేస్త్రీ. ఆ పేరు లోకమునకు వచ్చినది తాపీ పట్టిన చేతుల నుండియే.

పనిముట్ల వరుస

సిమెంటు బాట వేసేటప్పుడు ఏ పనిముట్టు ఎప్పుడు పట్టాలో ఒక వరుస ఉన్నది. వరుస తప్పితే మంచి సిమెంటు కూడ చెడుతుంది.

మొదట నేలను చదును చేసి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. దిమ్మిస ఆడని నేల మీద ఎంత మంచి గచ్చు వేసినా అది క్రుంగి బీటలిస్తుంది. తరువాత రెండు ప్రక్కల చెక్కలు నిలిపి, దారము లాగి, లెవల్ పైపుతో మట్టము చూడాలి. లెవల్ పైపు అంటే నీళ్ళు నింపిన సన్నని గొట్టము. రెండు కొనలలోను నీరు సమముగా నిలుస్తుంది. దానికి మించిన నమ్మకమైన మట్టము బీదవానికి లేదు. బాట పూర్తిగా సమముగా ఉండరాదు. నాలుగు అడుగుల వెడల్పుకు సుమారు ఒక అంగుళము వాలు ఉంటే వాన నీరు నిలువదు.

నడిచే బాటకు 4 అంగుళముల మందము చాలును. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర అనేది వాడుకలో ఉన్న కొలత. ఈ కొలతకు 50 కిలోల బస్తాకు 32 లీటర్లకు మించి నీరు కలుపరాదని మన దేశపు ప్రమాణము. ఇసుక తడిగా ఉంటే ఇంకను తగ్గించాలి. ఒక బస్తాతో ఆ మందమున సుమారు 16 చదరపు అడుగుల బాట వస్తుంది. అంతకు రెట్టింపు వచ్చిందని ఎవరైనా చెప్పితే సంతోషపడవద్దు. మందమైనా తగ్గి ఉండాలి, సిమెంటైనా తగ్గి ఉండాలి.

మాలు పోసి, పారతో సర్ది, మూలలలో కడ్డీతో పొడిచిన తరువాత మట్టపు బద్ద పట్టాలి. ఇద్దరు చెరియొక ప్రక్క కూర్చుండి, రంపము కోసినట్లు బద్దను ఇటు అటు లాగుచు ముందుకు జరుపుతారు. ఎత్తైన చోట మాలు తెగుతుంది, పల్లమైన చోట నిండుతుంది. లోయలు ఎత్తబడి మిట్టలు అణగునని యెషయా గ్రంథము 40వ అధ్యాయములో చదువుకొన్నదానిని ఆ బద్ద చిన్న కొలతలో చేసి చూపుతుంది.

ఆ తరువాత చెక్క పలక. చేతిపిడి ఉన్న ఈ చెక్కతో పైపైన ఒకసారి రుద్దితే కంకర కొద్దిగా దిగి, మెత్తని మాలు పైకి వస్తుంది. వెడల్పైన బాటకు పొడవాటి వెదురు కర్రకు పలక బిగించి ప్రక్కన నిలబడియే రుద్దుతారు. ఇంతవరకు పని వేగముగా జరుగవలెను. ఇక్కడ పని ఆగవలెను.

నీరు తేలే వేళ

ఎందుకు ఆగవలెను? పోసిన మాలులో బరువైన కంకర, ఇసుక క్రిందికి దిగుతాయి. తేలికైన నీరు మెల్లగా పైకి తేలుతుంది. పైన తళతళ మెరుస్తుంది. ఆ మెరుపు చూచి, పని పూర్తి కావచ్చినదని గుర్మాలా పట్టేవారు చాలామంది. చెడేది ఆ ఘడియలోనే.

గుర్మాలా ఇనుము. అది రుద్దితే పైపొర బిగిసి మూసుకొంటుంది. నీరు ఇంకను తేలుచుండగానే మూతవేస్తే ఆ నీరు పొర క్రింద చిక్కుకొంటుంది. ఆ పైపొరలోనే నీటి పాలు ఎక్కువై, సిమెంటు బలము తగ్గుతుంది. కొన్ని నెలలకు ఊడ్చిన కొలది దుమ్ము రేగుతుంది, లేక పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. చెక్క పలక అట్లు మూయదు. అది పైభాగమును కొంచెము గరుకుగా, తెరచినట్లుగా ఉంచుతుంది. నీటికి దారి ఇస్తుంది. అందుకే మొదట చెక్క, తరువాతనే ఇనుము.

ఎంతసేపు ఆగవలెను? దీనికి గడియారము లేదు. మన ప్రమాణముల ప్రకారము సిమెంటు బిగియుట ఆరంభించడానికి కనీసము 30 నిమిషములు, పూర్తిగా బిగియడానికి అత్యధికముగా 10 గంటలు. ఈ రెండింటి నడుమ ఎండ, గాలి, చలి, నీటి పాలు కాలమును నిర్ణయిస్తాయి. అనుభవముగల మేస్త్రీ చూచే గుర్తులు రెండు. పైన తేలిన నీటి మెరుపు పూర్తిగా పోవాలి. దాని మీద కాలు పెడితే పావు అంగుళమునకు మించి ముద్ర పడరాదు. అప్పుడే మరల చెక్క పలక, ఆ తరువాత అవసరమైతే గుర్మాలా.

ఏప్రిల్, మే నెలలలో వడగాలి వీచేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. పైన ఆరినట్లు కనబడి లోపల పచ్చిగా ఉంటుంది. పైన వెంట్రుకల వంటి నెర్రెలు కూడ పడతాయి. ఆ దినములలో తెల్లవారుజామున గాని, ఎండ తగ్గిన తరువాత గాని పోయుట మేలు. గోనెలతో నీడ కట్టుట ఇంకను మేలు.

పెద్ద రోడ్ల మీది యంత్రమును గూర్చి పైన చెప్పుకొన్నాము. అది కూడ మొదట నీటిని తీసివేసి, ఆ తరువాతనే రుద్దుతుంది. చేయి వేచియుండి చేసేదానిని యంత్రము పీల్చి చేస్తుంది. నియమము మాత్రము మారలేదు.

మన ఇండ్లలో కూడ ఇట్టి వేళలు ఉన్నవి. దుఃఖములో ఉన్నవారి కన్నీరు ఇంకకముందే మంచి మాటలతో పైకి నునుపు చేసివేయుట మనలో అనేకులకు అలవాటు. కీడు జరిగిన ఇంటికి పోయి ఇంక ఏడువవద్దు అంటాము. అన్నదమ్ముల తగవులో ఇద్దరి మాట వినకముందే చేతులు కలిపించి ప్రార్థన చేసి పంపివేస్తాము. పైకి అంతా చక్కబడినట్లుంటుంది. లోపల చిక్కిన నీరు ఎప్పటికైనా పెచ్చు లేపుతుంది. యోబు స్నేహితులు అతని ప్రక్కన నేలమీద ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతసేపు అతనికి ఓదార్పుగా ఉన్నారు. నోరు తెరచి రుద్దుట మొదలుపెట్టిన తరువాతనే భారమైనారు.

నునుపు వేరు, మంచితనము వేరు

గచ్చు ఎంత నునుపుగా ఉంటే అంత మంచిదని మనలో ఒక తలంపు ఉన్నది. లోపలి గదికి కొంతవరకు అది నిజము. ఊడ్చుటకు, కడుగుటకు సులువు. ఆరుబయట బాటకు అది ప్రమాదము. వాన పడితే, కడిగిన నీరు నిలిస్తే, నూనె చుక్క పడితే నునుపు గచ్చు కాలును నిలువనీయదు. ముసలివారికి తుంటి ఎముక విరిగితే మంచము పట్టుటే. నిండు చూలాలు పడితే రెండు ప్రాణములకు అపాయము.

అమెరికాలో ఒహాయో రాష్ట్రమున బెల్‌ఫౌంటెన్ అనే చిన్న పట్టణములో జార్జ్ బార్తోలోమ్యూ అనే ఆయన 1891లో మొదటగా కాంక్రీటు వీధి వేసి చూపించాడు. చార్మినార్ కట్టిన 300 ఏండ్లకు అన్నమాట. కొత్త వస్తువును ఊరి పెద్దలు నమ్మలేదు. ఐదేండ్లు చెడకుండునని ఆయన 5,000 డాలర్లకు హామీ పత్రము వ్రాసి ఇవ్వవలసి వచ్చింది. గుర్రముల డెక్కలు జారకుండునట్లు ఆయన పైభాగమున గాళ్ళు గీయించాడు. ఆ పట్టణములో 1890లలో వేసిన కాంక్రీటు వీధి నేటికిని ఉన్నది.

గుర్రము కొరకు అంత ఆలోచించినప్పుడు అవ్వ కొరకు మనము ఆలోచింపవద్దా? ఇందుకు గొప్ప ఖర్చు లేదు. చెక్క పలకతో తీర్చిన తరువాత, కొంచెము బిగిసినప్పుడు, బాటకు అడ్డముగా గట్టి చీపురుతో మెల్లగా ఒక్కసారి లాగితే సన్నని గీతలు పడతాయి. పాదమునకు పట్టు దొరుకుతుంది. బాట అంచులను పదునుగా విడువక, అంచు తిప్పే చిన్న తాపీతో గుండ్రము చేయాలి. అట్లు చేస్తే అంచు పగలదు, తగిలినా కాలు కోయదు. నాలుగైదు అడుగులకు ఒకచోట, మందములో నాలుగవ వంతు లోతున, అనగా ఒక అంగుళము లోతున గాడి తీయాలి. సిమెంటు ఆరినకొలది ముడుచుకొంటుంది. ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. గాడి తీస్తే ఆ గాడిలోనే చీలుతుంది. తీయకపోతే తన ఇష్టమైనచోట చీలుతుంది.

క్రొత్త ఇల్లు కట్టినవాడు మేడ మీద పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నది. ఎవడైనా పడి చనిపోతే ఆ దోషము ఇంటిమీదికి వస్తుందని అక్కడ హెచ్చరిక. కుంటుచు నడిచేవాడు ఇంకను దెబ్బతినక బాగుపడునట్లు బాటలు సరిచేయుమని హెబ్రీ పత్రిక 12వ అధ్యాయము బోధిస్తుంది. ఆత్మీయమైన అర్థముతోపాటు ఈ మాటలకు పాదములకు సంబంధించిన అర్థము కూడ ఉన్నది. దేవాలయపు మెట్టు మీద ఎవరైనా జారిపడితే అది వారి గ్రహచారమని మనము తప్పించుకొనలేము.

గచ్చుపూత

మరియొక చెడ్డ అలవాటును గూర్చి చెప్పక తప్పదు. నీరు తేలిన బాట మీద పొడి సిమెంటు చల్లి, అది నీటిని పీల్చుకోగానే గుర్మాలాతో రుద్దివేస్తారు. పది నిమిషములలో అద్దము వలె మెరుస్తుంది. పని వేగముగా ముగుస్తుంది. చూచేవారికి కన్నుల పండువు. ఆ మెరుపు పొర క్రింద ఉన్న మాలుతో కలియదు. ఒక చలికాలము, ఒక ఎండాకాలము గడిచేసరికి నెర్రెలిచ్చి ఊడిపోతుంది. పొడి సిమెంటు చల్లవలసిన అవసరము వచ్చిందంటే మాలులో నీరు ఎక్కువైనదని అర్థము. మందు అక్కడ వేయాలి, పైన కాదు.

బలము లేని గోడ మీద గచ్చుపూత పూసేవారిని గూర్చి యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయములో ఉన్నది. సమాధానము లేనిచోట సమాధానమని చెప్పిన ప్రవక్తలను దేవుడు వారితో పోల్చాడు. వర్షము, వడగండ్లు, పెనుగాలి వచ్చినప్పుడు ఆ గోడ పునాదితో సహా బయటపడునని చెప్పాడు. పూత పూసినవాడు పోసినవానికంటె ఎక్కువ మెప్పు పొందే లోకములో ఈ మాట మేస్త్రీకి, బోధకునికి, తలిదండ్రులకు సమానముగా వర్తిస్తుంది.

ఏడు దినములు

పని ముగిసిన మరునాటి నుండి అసలు పని. సిమెంటు ఎండి గట్టిపడుతుందని మనము అనుకొంటాము. నిజమునకు అది నీరు త్రాగి గట్టిపడుతుంది. తడి ఆరిపోతే బలము పెరుగుట ఆగిపోతుంది. గోనె సంచులు కప్పి తడుపుచుండాలి. లేక చుట్టూ మట్టి కట్టలు వేసి నీరు నిలపాలి. మామూలు సిమెంటుకు కనీసము 7 దినములు అని ప్రమాణము. ఇప్పుడు దుకాణములలో ఎక్కువగా దొరికేది బూడిద కలిపిన సిమెంటు. దానికి, అట్లే ఎండాకాలపు పనికి, కనీసము 10 దినములు. ఈ పనికి మేస్త్రీ అక్కరలేదు. పొద్దున, సాయంత్రము బిందె ఎత్తే చేయి చాలును. ఆదివారము ఆరాధనకు వచ్చే యౌవనస్థులు వంతులు వేసుకొంటే సంఘమునకు పైసా ఖర్చు లేదు.

ఆ చేతులు, ఆ కూలి

పనిముట్లను గూర్చి ఇంత చెప్పి వాటిని పట్టే చేతులను విడిచిపెట్టుట న్యాయము కాదు. పచ్చి సిమెంటు క్షారము. చర్మమును కాల్చుతుంది. పని చేసేటప్పుడు నొప్పి తెలియదు. రాత్రికి వ్రేళ్ళ సందులు పగులుతాయి, పుండ్లు పడతాయి. మాలులో మోకాళ్ళ మీద కూర్చుండి రుద్దేవారికి బట్ట తడిసి మోకాళ్ళు కాలుతాయి. కొందరికి చర్మ వ్యాధిగా మారి పనియే మానుకొనవలసి వస్తుంది. కొబ్బరినూనె పూసుకొంటే చాలునని అనుకొంటారు. అది చాలదు. రబ్బరు చేతొడుగులు, బూట్లు, మోకాళ్ళ క్రింద పెట్టుకొనడానికి రెండు చెక్క పలకలు ఉండాలి. పలక బరువును పరచుతుంది గనుక గచ్చు మీద గుంట కూడ పడదు. మాలు చర్మమునకు తగిలిన వెంటనే మంచి నీటితో కడుగాలి. కంటిలో పడితే చాలాసేపు నీటితో కడిగి ఆస్పత్రికి పోవాలి.

పనిముట్టుకు కూడ ఈ జాగ్రత్తయే. మాలు ఎండకముందే తాపీని, గుర్మాలాను కడిగి, తుడిచి, కొంచెము నూనె రాయాలి. అంచున మాలు గడ్డకట్టిన గుర్మాలా ప్రతిసారి గచ్చు మీద ఒక గీత గీస్తుంది. పనివాని శ్రద్ధ పని చేసేటప్పటికంటె పని ముగించేటప్పుడు బాగుగా తెలుస్తుంది.

ఇక కూలి మాట. బాట పనిలో గమేళాలు మోసినవారు, మాలు కలిపినవారు ముందుగా దిగుతారు. నీరు ఇంకువరకు కనిపెట్టియుండి తీర్చేవాడు చివర మిగులుతాడు. అనేక దినములు అతడు తాపీ కడిగేసరికి చీకటి పడుతుంది. డబ్బు ఇచ్చేవారు అప్పటికే ఇంటికి పోయి ఉంటారు. రేపు రమ్మంటారు. రేపు అతనికి వేరొక అడ్డా, వేరొక పని. దినకూలివాని కూలిని ప్రొద్దు క్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఆజ్ఞ ఉన్నది. బీదవాని ప్రాణము ఆ కూలి మీదనే ఆధారపడి ఉన్నదని దానికి కారణము కూడ అక్కడనే ఉన్నది. అతడు పరదేశియైనను ఇయ్యవలెను. మన మతస్థుడా, మన భాషవాడా అని అడుగుటకు అక్కడ చోటు లేదు. పాతబస్తీలో కర్నీ అన్నవానికి, పల్లెలో తాపీ అన్నవానికి న్యాయము ఒక్కటే.

నగరములో పని చేసే మన బిడ్డలు మరియొకటి తెలిసికొనవలెను. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమము కొరకు 1996 నాటి చట్టముతో మొదలైన ఏర్పాటు ఒకటి ఉన్నది. 18 నుండి 60 ఏండ్ల లోపువారు, గత 12 నెలలలో 90 దినములు ఈ పని చేసినవారు కార్మిక శాఖ ద్వారా పేరు నమోదు చేసికొనవచ్చును. ప్రమాదము జరిగిన తరువాత పరుగెత్తుటకంటె ముందుగా పేరు వ్రాయించుకొనుట మేలు. చదువు వచ్చిన యౌవనస్థులు చదువు రాని మేస్త్రీకి ఆ కాగితము నింపి ఇచ్చినా అది సేవయే.

సంఘ పెద్దలకు ఒక మాట

దేవాలయము ముందర బాట వేయించదలచినప్పుడు ప్రతిష్ఠ పండుగ దినమును ముందుగా నిర్ణయించి, ఆ దినమునకు పని ముగించుమని మేస్త్రీని తొందరపెట్టవద్దు. నీళ్ళ పైపు, కరెంటు తీగె పోవలసి ఉంటే బాటకంటె ముందే గొట్టము పాతించండి. వేసిన బాటను మరల త్రవ్వితే ఎంత చక్కగా అతికినా అతుకు అతుకే. మేస్త్రీతో మాట్లాడేటప్పుడు చదరపు అడుగు ఎంత అని మాత్రమే అడుగక, మందము ఎంత, నీరు ఎంత, పొడి సిమెంటు చల్లుతావా, చీపురు గీతలు పెడతావా అని అడుగండి. మంచి మేస్త్రీ ఆ ప్రశ్నలకు నొచ్చుకొనడు. తన పని తెలిసినవారు దొరికారని సంతోషిస్తాడు. పని మధ్యలో అతడు బీడీ కాల్చుచు ఊరక కూర్చున్నాడని నిష్ఠూరమాడకముందు బాట మీద నీరు ఇంకినదా లేదా చూడండి. నీరు ఇంకనిచో అతడు కూర్చుండుటయే పని.

నజరేతులో మన ప్రభువు ముప్పది ఏండ్ల వరకు చేతిపనివాని ఇంట పెరిగాడు, తానును వడ్లవాడనిపించుకొన్నాడు. ప్రత్యక్ష గుడారపు పని కొరకు దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపి చేతులకు నైపుణ్యమిచ్చాడు. గనుక చేతిపనిని తక్కువగా చూచే హక్కు క్రైస్తవునికి లేదు. వచ్చే ఆదివారము మీ సంఘములో ప్రార్థన చేసేటప్పుడు నగరములలో కూలి అడ్డాల మీద నిలబడే మన సహోదరులను, సహోదరీలను పేరుపేరున జ్ఞాపకము చేసికొనండి. ఇంటికి వచ్చినప్పుడు వారి అరచేతులు ఒకసారి పట్టుకొని చూడండి.

ప్రార్థన: ప్రభువా, మా పాదములు నడిచే బాటలను తీర్చిన చేతులను దీవించుము. ఆ చేతులకు గాయము కాకుండ కాపాడుము. వారి కూలిని ప్రొద్దు క్రుంకకముందే చెల్లించే మనస్సు మాకు దయచేయుము. తొందర వచ్చినప్పుడు నీరు ఇంకువరకు కనిపెట్టే ఓపికను మాకు నేర్పుము. ఆమెన్.